సీతారామారావుకి మైండ్‌సెట్ క్లాసులు

గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ మీద ఎక్కడ కబుర్లు మొదలైనా ఈ మధ్య ఒక మాట తప్పకుండా వినపడుతోంది. “పాపం, సీతారామారావుది ఫిక్స్‌డ్ మైండ్‌సెట్ అండీ. ఈ రోజుల్లో అయితే ఒక మంచి కోచ్ దగ్గరికి పంపిస్తే బాగుపడేవాడు.” అనేవాళ్లు నా వయసువాళ్లే, నా వృత్తివాళ్లే. పొద్దున టీమ్ మీటింగ్‌లో విన్న మాటని సాయంత్రం నవలకి తొడిగి చూస్తున్నారు. నవ్వుతూ అన్నా, సీరియస్‌గానే అంటారు. మారగలనని నమ్మినవాడు మారతాడు, నమ్మనివాడు శ్మశానంలో తేలతాడు, అంతే కథ. తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవలల్లో ఒకటిగా పేరుపడ్డ పుస్తకాన్ని రెండు ఇంగ్లీషు మాటల్లో చుట్టచుట్టి అటక మీద పడేశాం.

నా తగువు ఈ మాటతోనే. మనిషి మారగలడన్న నమ్మకం మీద నాకేం కోపం లేదు. అది లేకపోతే నేను సాహిత్యం గురించి రాయడానికి కూర్చునేవాణ్ణే కాదు. ఇంజనీరింగ్ చదివినవాడికి ఇవన్నీ ఎందుకని నాలుగైదు చోట్ల అనిపించుకుని కూడా రాస్తున్నానంటే ఆ నమ్మకం చలవే. గొడవల్లా దాన్ని ఎవరి నెత్తిన పెడుతున్నాం అన్న దగ్గరే. మార్కులేసేవాడి నెత్తిన ఉండాల్సినదాన్ని తీసుకొచ్చి ఓడిపోయినవాడి నెత్తిన పెడుతున్నాం.

ముందు ఆ సిద్ధాంతానికి న్యాయం చేద్దాం. ఆఫీసు గోడల మీద పోస్టర్లుగా కనిపించేదానికీ అసలుదానికీ చాలా దూరం ఉంది. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ కేరొల్ డ్వెక్ పేరు 2006లో వచ్చిన ‘మైండ్‌సెట్’ పుస్తకంతో లోకానికి తెలిసింది గానీ, దాని పునాది 1988లో ఆమె ఎలెన్ లెగెట్‌తో కలిసి రాసిన పరిశోధన వ్యాసంలో ఉంది. ‘నమ్మితే గెలుస్తావు’ అని అందులో ఎక్కడా లేదు. మన గుణాల గురించి మనకున్న నమ్మకాన్ని బట్టి మనం పెట్టుకునే లక్ష్యం ఏ రకానిదో తేలుతుంది అన్నారు, అంతవరకే. తెలివి అంటే పుట్టినప్పుడే కొలిచి ఇచ్చిన సరుకు అనుకునేవాడు, తన వాటా ఎంతో నలుగురికీ చూపించుకోవడం లక్ష్యంగా పెట్టుకుంటాడు. అది పెరిగేదే అనుకునేవాడు పెంచుకునే పని చూసుకుంటాడు. ఒకడిది చూపించుకునే లక్ష్యం, ఇంకొకడిది నేర్చుకునే లక్ష్యం.

సంగీతం క్లాసుకి వెళ్లే పిల్లలున్న ఇళ్లలో ఇది రోజూ కనపడేదే. చుట్టాలొచ్చినప్పుడు పాడమంటే ఒక పిల్ల బాగా వచ్చిన గీతమే ఎత్తుకుంటుంది, ఎన్నేళ్లయినా అదే గీతం. ఇంకో పిల్ల నిన్న తప్పిన చోటే మళ్లీ తప్పుతుంది, చుట్టాల ముందే. అంతా సవ్యంగా సాగినన్నాళ్లూ ఇద్దరికీ పెద్ద తేడా తెలీదు. ఓడిన రోజు తెలుస్తుంది. మొదటి పిల్లకి అది తన మీద పడిన తీర్పు. రెండోదానికి రేపు ఎక్కడినుంచి మొదలెట్టాలో చెప్పే గుర్తు.

1998లో క్లాడియా మ్యూలర్‌తో కలిసి డ్వెక్ చేసిన ప్రయోగం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. అయిదో తరగతి పిల్లలకి పజిల్స్ ఇచ్చారు. అయ్యాక కొందరితో ‘తెలివైనవాడివి’ అన్నారు, కొందరితో ‘బాగా కష్టపడ్డావు’ అన్నారు. ఆ ఒక్క వాక్యమే తేడా. తర్వాత ఎలాంటి పని కావాలో ఎంచుకోమంటే, తెలివైనవాళ్లనిపించుకున్న పిల్లల్లో ఎక్కువమంది తేలిగ్గా నెగ్గుకొచ్చే పనివైపు మొగ్గారు. కష్టమైనవి ఇచ్చి ఓడించి, మళ్లీ మొదటిలాంటివే ఇస్తే వీళ్ల స్కోర్లు మొదటిసారి కంటే తగ్గాయి, కష్టపడ్డారనిపించుకున్నవాళ్లవి పెరిగాయి. మీ స్కోరు వేరే బడి పిల్లలకి రాసి పంపండి అంటే, తెలివైనవాళ్లనిపించుకున్న వాళ్లలో పదిమందికి దాదాపు నలుగురు ఎక్కువేసి రాశారు. (చైనాలో లి, బేట్స్ ఇదే ప్రయోగాన్ని మళ్లీ చేసి 2019లో ప్రచురించారు. ఫలితాలు ఇంత ముచ్చటగా రాలేదు. ఆ సంగతీ ఒక మూల గుర్తుంచుకుందాం.)

మోటివేషన్ క్లాసుల్లో ఈ ప్రయోగాన్ని తెగ చెప్తారు. చెప్పేటప్పుడు ఒక సంగతి జారిపోతుంది. ఆ పిల్లలు ఎవరికివాళ్లు కళ్లు మూసుకుని కూర్చుని నమ్మకాలు మార్చుకోలేదు. బల్లకి అవతల కూర్చున్న పెద్దమనిషి, స్కోరు చెప్పే మనిషి, ఒక మాట అన్నారు. ఆ మాటతో పిల్లలు ఎంచుకునే లక్ష్యాలు మారిపోయాయి. నమ్మకం పుట్టింది బల్లకి అటువైపు. దాన్ని ఇటువైపు కూర్చున్న పిల్లవాడి సుగుణంగానో, లోపంగానో మార్చేసుకున్నది మనం.

ఇప్పుడు సీతారామారావు దగ్గరికి రండి. తండ్రి అతనికి అప్పజెప్పి పోయింది వంశ ప్రతిష్ఠ. ఆ లక్ష్యాన్ని ఒకసారి చేత్తో పట్టుకుని చూడండి. అందులో నేర్చుకోవలసినది ఏమీ లేదు, చేతికి రావలసిన పనంటూ లేదు. ఇచ్చేవాడిలా కనపడాలి, తగ్గినట్టు కనపడకూడదు, అంతే. ఆస్తి ఉన్నన్నాళ్లూ అది తేలికైన పజిల్ లాంటిదే. ఆస్తి కరిగాక అదే మెడకి గుదిబండ అయింది. చిన్న పని చేయాలన్నా నామోషీ, ఇంకొకరి దగ్గర నేర్చుకోవాలన్నా నామోషీ. తనలో తను చేసుకునే ఆ అంతులేని వాదనలన్నీ నాకు స్కోరు ఎక్కువేసి రాసుకునే ఆ పిల్లల పనిలాగే కనపడతాయి. ‘ఇతనికి ఆత్మవిశ్వాసం లేదు’ అని చెప్పడమే గోపీచంద్ ఉద్దేశమైతే ఒక చిన్న కథ సరిపోయేది. ఒక ఇల్లు, ఒక అంతస్తు, ఒక తండ్రి కలిసి ఒక పిల్లవాడికి నేర్చుకునే లక్ష్యమన్నదే దొరక్కుండా చేస్తే ఏమవుతుందో చెప్పాలి కాబట్టి నవల పట్టింది. ఇందులో కోచ్ దగ్గరికి పంపాల్సింది ఎవరినయ్యా అంటే జవాబు చెప్పడం కష్టం. చనిపోయిన తండ్రిని పంపలేం కదా.

పోనీ, నమ్మకం ఒక్కటీ ఉంటే చాలనుకుందాం. మన సాహిత్యంలో దానికి నిలువెత్తు ఉదాహరణ గిరీశం. నన్నడిగితే తెలుగులో గ్రోత్ మైండ్‌సెట్‌కి బ్రాండ్ అంబాసిడర్ అతనే. పూటకూళ్లమ్మ దగ్గర ఒక మనిషి, మధురవాణి దగ్గర ఇంకో మనిషి, వెంకటేశానికి గురువు, బుచ్చమ్మ ముందు సంఘసంస్కర్త, సౌజన్యారావు పంతులు దగ్గర బుద్ధిమంతుడు. ఏ దెబ్బా అతన్ని కుంగదీయదు. దెబ్బ తగిలిన గంటకల్లా కొత్త ప్లాను, కొత్త లక్ష్యం, కొత్త గిరీశం. ఇవాళ ఉంటే లింక్డ్‌ఇన్‌లో ఫాలోయర్లకి కొదవ ఉండేది కాదు. 1909 నాటి రెండో కూర్పులో గురజాడ ఈ కథని ఎలా ముగించాడో మీకు తెలుసు. మధురవాణి వల్ల నిజం బయటపడి గిరీశం ఆట కట్టయింది. బుచ్చమ్మకి మాత్రం పూనాలో వితంతువుల శరణాలయం అనే ఒక దారి తెరుచుకుంది. ‘నువ్వు మారగలవమ్మా’ అని ఆమెకి ఎవరూ క్లాసు తీసుకోలేదు. వెళ్లడానికి ఒక చోటు ఉందని చెప్పారు. మన విమర్శకులు గిరీశం మీద పెట్టిన సిరాలో పదోవంతు ఆ చోటు మీద పెట్టి ఉంటే బాగుండేదని నాకెప్పుడూ అనిపిస్తుంది. అది వేరే వ్యాసం.

వ్యక్తిత్వ వికాస పుస్తకాల సంగతి కూడా చెప్పుకోవాలి. యండమూరి ‘విజయానికి ఐదు మెట్లు’ మా హాస్టల్లో చేతులు మారీ మారీ అట్ట ఊడిన పుస్తకం. బి.వి. పట్టాభిరామ్ పుస్తకాలు ఆ పక్కనే ఉండేవి. వీటిని చూసి ముక్కు విరవడం సాహిత్యం చదివేవాళ్లకి ఒక అలవాటు. నాకది నచ్చదు. ఇంగ్లీషు రాక, ఇంట్లో దారి చెప్పేవాళ్లు లేక నిలబడిపోయిన కుర్రాడికి ‘నువ్వూ చేయగలవు’ అని తెలుగులో చెప్పిన గొంతులవి. మన కథలూ కవితలూ ఆ కుర్రాడితో అంత సూటిగా మాట్లాడలేదు. నా అభ్యంతరం ఈ కోవ పుస్తకాలు దేని గురించి మాట్లాడవు అన్నదాని మీద. ఎక్కేవాడి కాళ్ల గురించి వందల పేజీలుంటాయి. మెట్లు ఎవరు కట్టారు, ఎంత ఎత్తున కట్టారు, మధ్యలో రెండు ఎందుకు లేవు అన్నదానికి పేజీ దొరకదు.

ఇంజనీర్ని కాబట్టి కాసేపు లెక్కల్లోకి వెళ్తాను, ఓపిక పట్టండి. 2018లో విక్టోరియా సిస్క్, ఆమె తోటి పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కూర్చి చూశారు. మైండ్‌సెట్‌కీ చదువులో ఫలితాలకీ మధ్య సహసంబంధం 0.10 అని తేలింది. పూర్తిగా కలిసి నడిస్తే అది 1 అవుతుంది. మైండ్‌సెట్ నేర్పే కార్యక్రమాల ప్రభావం ఇంకా చిన్నది, 0.08. మరుసటేడు డేవిడ్ యేగర్, డ్వెక్, ఇంకా చాలామంది కలిసి ‘నేచర్’ పత్రికలో ఒక పెద్ద ప్రయోగం ప్రచురించారు. అమెరికా అంతటి నుంచి 12,000 మందికి పైగా తొమ్మిదో తరగతి పిల్లలు, గంటకి మించని ఆన్‌లైన్ పాఠం. చదువులో వెనకబడ్డ పిల్లల గ్రేడ్ పాయింట్ సగటున 0.1 పెరిగింది. గంట పాఠానికి అది తీసిపారేసేది కాదు. దాదాపు ఖర్చు లేని పని, చేయాల్సిందే.

అయితే అది అన్ని చోట్లా ఒకేలా పనిచేయలేదు. కష్టమైన లెక్క నెత్తికెత్తుకోవడాన్ని తోటి పిల్లలు వింతగా చూడని బడుల్లో బాగా పనిచేసింది. వాళ్లే 2022లో ఇంకో అడుగు ముందుకెళ్లి లెక్కల టీచర్లను కూడా అడిగారు. పిల్లల తెలివి పెరుగుతుందని టీచర్ కూడా నమ్మే క్లాసుల్లో ఆ పాఠానికి ఫలితం కనిపించింది. టీచర్‌కి ఆ నమ్మకం లేని క్లాసుల్లో కనపడలేదు. అదే పాఠం, అదే వయసు. బల్లకి అటువైపు మనిషి నమ్మకపోతే ఇటువైపు నమ్మకం నిలబడలేదు. ఈ ముక్క పోస్టర్ మీదకి ఎందుకు ఎక్కలేదో ఆలోచించండి. పోస్టర్ అచ్చు వేయించేది అటువైపు కూర్చున్నవాళ్లే.

మన దగ్గర అటువైపు ఎవరున్నారు? కార్పొరేట్ ఇంటర్ కాలేజీలో చదివినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. నేను చదివిన చోట (పేరెందుకు, అన్నీ ఒకే అచ్చులో పోసినవే) ఆదివారం పరీక్ష, సోమవారానికల్లా నోటీసు బోర్డు మీద ర్యాంకులు, కొన్ని వారాలకోసారి సెక్షన్ల మార్పు. పై సెక్షన్‌కి పేరున్న లెక్చరర్లు, కింద సెక్షన్‌కి మొన్న మొన్న చేరినవాళ్లు. మెటీరియల్ కూడా వేరే. కింద సెక్షన్ నుంచి పైకి వెళ్లాలంటే పై సెక్షన్‌లో చెప్పినవాటి మీద వచ్చే ప్రశ్నలకి జవాబు రాయాలి. అవి కింద సెక్షన్‌లో చెప్పరు. ఆ గదిలోనే నల్లబల్ల పైన ఎర్రరంగుతో ‘గెలుపు నీ చేతుల్లోనే ఉంది’ అని రాసి ఉండేది.

అలాంటి చోట పదహారేళ్ల పిల్లవాడు ఏ లక్ష్యం పెట్టుకుంటాడు? ‘ఈ వారం జారకూడదు.’ డౌట్ అడిగితే రాదని తెలిసిపోతుంది కాబట్టి అడగడు. కొత్త పద్ధతిలో లెక్క చేస్తే తప్పు పోవచ్చు కాబట్టి బట్టీ పట్టిన పద్ధతి వదలడు. పక్కవాడికి చెప్పిపెడితే వాడు పైకి పోవచ్చు కాబట్టి చెప్పడు. డ్వెక్ చూపించుకునే లక్ష్యం అన్నదాని లక్షణాలన్నీ ఇక్కడ ఉన్నాయి. అవి ఆ పిల్లవాడి నమ్మకంలోంచి రాలేదు, టైమ్‌టేబుల్‌లోంచి వచ్చాయి. వాడు ఇంట్లో అన్నం ముందు కూర్చుని ఏడిస్తే మనం వాడికి మైండ్‌సెట్ వీడియో లింకు పంపిస్తాం.

ఆఫీసు ఇంకొంచెం నాజూకుగా ఉంటుంది. మనవాళ్లందరి నోటా ఉండే ఉదాహరణ సత్య నాదెళ్ల. బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన మనిషి మైక్రోసాఫ్ట్‌ని గ్రోత్ మైండ్‌సెట్‌తో మార్చాడన్నది మా రంగంలో దాదాపు పురాణకథ. డ్వెక్ పుస్తకాన్ని తన భార్య చేతిలో పెట్టిందని ఆయనే 2017లో వచ్చిన ‘హిట్ రిఫ్రెష్’లో రాసుకున్నారు. ఈ పురాణంలో ఒక తేదీని ఎవరూ చెప్పరు. ఉద్యోగులను వరసలో నిలబెట్టి, ఇంతమంది పైన, ఇంతమంది తప్పనిసరిగా కింద అని పంచే స్టాక్ ర్యాంకింగ్‌ని మైక్రోసాఫ్ట్ 2013 నవంబరులో ఎత్తేసింది. నాదెళ్ల సీఈఓ అయింది 2014 ఫిబ్రవరిలో. ముందు కొలబద్ద విరిగింది, తర్వాత నినాదం వచ్చింది. ఇక్కడ చాలా కంపెనీలు నినాదాన్ని దిగుమతి చేసుకున్నాయి, బెల్ కర్వ్‌ని ఉన్నచోటే ఉంచుకున్నాయి.

అది ఎలా పనిచేస్తుందో నేను పనిచేసిన ఒక చోట దగ్గరగా చూశాను. మా టీమ్‌లో ఒక అమ్మాయి, నాకంటే ఆరేళ్లు చిన్నది, ఆ ఏడాది లక్ష్యాల్లో నిజంగా నేర్చుకోవాలనుకున్న పని రాసింది. పాత బిల్లింగ్ సిస్టమ్ డేటాబేస్‌ని కొత్తదాంట్లోకి మార్చడం. ఎవరూ ముట్టుకోని పని, రాసినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు, డాక్యుమెంట్ లేదు. రెండుసార్లు మధ్యలో ఆపాల్సొచ్చింది, మూడోసారి నడిచింది. పక్క సీటతను తనకి ముందునుంచీ కొట్టిన పిండైన రిపోర్టుల పనినే స్ట్రెచ్ గోల్ అని రాసి, అక్టోబరుకల్లా పూర్తి చేసి, డిసెంబరులో డెమో ఇచ్చాడు. కర్వ్ ప్రకారం ఒకళ్లు కింద పడాలి. ఆమె పడింది. ఫీడ్‌బ్యాక్‌లో ‘గ్రోత్ మైండ్‌సెట్ మీద ఇంకా పని చేయాలి’ అని కూడా ఉంది. అతని మీద నాకేం కోపం లేదు. ఆటని చదివాడు, ఆడాడు. మరుసటేడు ఆమె లక్ష్యాల పేజీ చూశాను. అన్నీ తనకి ఇదివరకే వచ్చిన పనులు. ఆ ఏడాది ‘ఎక్సీడ్స్’ వచ్చింది.

ఇంతకన్నా ఒళ్లు మండేది ఇంకోటుంది. గ్రోత్ మైండ్‌సెట్ పోస్టులు పెట్టే చేతులే రిజర్వేషన్ మాట వినగానే ‘మెరిట్’ అని టైప్ చేస్తాయి. మనిషి ఏ వయసులోనైనా ఏదైనా నేర్చుకోగలడట, కానీ పదిహేడేళ్లప్పుడు మూడు గంటల్లో వచ్చిన ర్యాంకు మాత్రం వాడి తెలివికి శాశ్వతమైన కొలతట. డ్వెక్ భాషలో ఇంతకంటే ఫిక్స్‌డ్ నమ్మకం ఏముంటుంది? ‘వాళ్లకి చదువు అబ్బదు’ అని ఒకప్పుడు అరుగు మీద కూర్చుని అన్నమాటే ఇప్పుడు ఏసీ గదిలో కటాఫ్ మార్కుల భాషలో మాట్లాడుతోంది. అమెరికాలో ఒక యూనివర్సిటీలో 150 మంది సైన్స్, గణితం ప్రొఫెసర్లనీ వాళ్ల దగ్గర చదివిన 15,000 మంది విద్యార్థులనీ తీసుకుని ఎలిజబెత్ కానింగ్ బృందం 2019లో ఒక అధ్యయనం ప్రచురించింది. తెలివి మారదని నమ్మే ప్రొఫెసర్ల క్లాసుల్లో జాతుల మధ్య మార్కుల తేడా, మిగతా క్లాసుల్లో కంటే రెట్టింపు దాకా ఉంది. అక్కడ జాతి కూర్చున్న కుర్చీలో మన దగ్గర ఏం కూర్చుంటుందో తెలుగువాళ్లకి నేను విడమరచి చెప్పాలా?

ఆ నమ్మకం మా రంగంలో ఒక గళ్ల కాగితమై కూర్చుంది. ‘టెన్త్ నుంచి 60 శాతం త్రూఅవుట్, బ్యాక్‌లాగ్స్ ఉండకూడదు.’ క్యాంపస్ ఉద్యోగాలకి దరఖాస్తు పెట్టినవాళ్లకి ఈ వాక్యం నోటికి వచ్చు. పదో తరగతిలో జ్వరం వచ్చినా, ఇంటర్లో నాన్న పోయినా, తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంజనీరింగ్ మొదటేడు రెండు సబ్జెక్టులు తప్పినా, ఆ తర్వాత నువ్వు ఎంత మారినా, ఆ మార్పుని నమోదు చేసే గడి ఆ కాగితంలో లేదు. అదే కంపెనీలో చేరిన మొదటి వారం ఓరియంటేషన్‌లో స్లయిడ్ వేస్తారు: ఇక్కడ తప్పుల నుంచి నేర్చుకునేవాళ్లకే చోటు.

ఈ సందర్భంలో ఒక పాత మాటని కాస్త వెనకేసుకు రావాలనిపిస్తోంది. తలరాత. ఆధునికులం కాబట్టి ఆ మాట వింటేనే మనకి చిరాకు. ఆడపిల్ల చదువు ఆపడానికీ, పాలేరు కొడుకుని పాలేరుగానే ఉంచడానికీ దాన్ని ఎలా వాడారో తెలుసు కాబట్టి ఆ చిరాకు న్యాయమే. కానీ మా అమ్మమ్మ ఆ మాట ఎప్పుడు వాడేదో గుర్తు చేసుకుంటే ఇంకో సంగతి కనపడుతుంది. పరీక్షకి ముందు ఎప్పుడూ అనలేదు. ముందు ‘చదువు, లే’ అనే అరిచేది. తప్పాక, పిల్లవాడు మొహం దాచుకుని పడుకున్నాక, ‘రాసిపెట్టి లేదురా, లేచి అన్నం తిను’ అనేది. ఓటమిలో కొంత వాటా వాడి చేతుల్లోంచి తీసుకుని ఎవరికీ అందని చోట పెట్టేసేది. మన కొత్త మతంలో ఆ సదుపాయం లేదు. గెలిస్తే నీ మైండ్‌సెట్, ఓడితే కూడా నీ మైండ్‌సెటే. అన్నం తినమనేవాళ్లు లేరు.

మరి మనిషి తనంతట తాను ఏమీ మారలేడా? మారతాడు. ఆ దిశలో నాకు నచ్చిన పని నేథన్ హడ్సన్, క్రిస్ ఫ్రేలీలది. తమ స్వభావాన్ని ఫలానా విధంగా మార్చుకోవాలనుకున్న కాలేజీ విద్యార్థులను వాళ్లు నెలల తరబడి గమనించారు. మారాలని కోరుకోవడం వల్ల వచ్చే మార్పు కొద్ది. హడ్సన్, తోటివాళ్లు 2019లో చేసినదాంట్లో విద్యార్థులు 15 వారాలపాటు వారం వారం చిన్న చిన్న పనులు ఒప్పుకున్నారు. చేసినవాళ్లు మారారు. ఒప్పుకుని చేయనివాళ్లకి లాభం లేకపోగా కొన్ని గుణాల్లో వెనక్కి కూడా నడిచారు. నాకు అర్థమైనంతలో, చేయలేని లక్ష్యాన్ని ఉత్సాహంగా తలకెత్తుకోవడం ఊరికే పోయే ఖర్చు కాదు, వడ్డీ పడుతుంది. జనవరి 1న డైరీ మొదటి పేజీ నింపే నా స్నేహితులందరికీ ఈ వాక్యం అంకితం. పని వారానికి సరిపడేంత చిన్నదిగా ఉండాలి, చేయడానికి ఖాళీ దొరకాలి, తప్పితే వచ్చే వారం మళ్లీ ఒక వారం ఉండాలి. మొదటిది మన చేతుల్లో ఉంటుంది. మిగతా రెండూ రోజుకి పన్నెండు గంటల స్టడీ అవర్స్ పెట్టే వార్డెన్ చేతుల్లోనో, శుక్రవారం రాత్రి రిలీజ్ పెట్టే మేనేజర్ చేతుల్లోనో ఉంటాయి.

విచిత్రం ఏమిటంటే, ఇది మాకు తెలియక కాదు. సర్వర్ పడిపోయినప్పుడు మేం ఎంత నాగరికంగా ప్రవర్తిస్తామో మీరు చూడాలి. గూగుల్ ఇంజనీర్లు 2016లో రాసిన సైట్ రిలయబిలిటీ పుస్తకంలో దీనికి ఒక అధ్యాయమే ఉంది. నింద లేని పోస్ట్‌మార్టం. తప్పు బటన్ నొక్కిన మనిషి పేరు పట్టుకుని వేలాడకూడదు, ఆ బటన్ అంత తేలిగ్గా నొక్కే వీలు ఎందుకుంది, నొక్కగానే ఆపే అడ్డు ఎందుకు లేదు అని అడగాలి. రాత్రి రెండింటికి ప్రొడక్షన్ డేటా చెరిపేసిన కుర్రాణ్ణి ‘నీకు చెరపకూడదన్న నమ్మకం బలంగా లేదు’ అని ఎవరూ అనరు. బ్యాకప్ ఎందుకు లేదని అడుగుతారు. డేటాబేస్‌కి ఇచ్చే ఈ మర్యాద ఇంటర్ తప్పిన పిల్లవాడికి, కర్వ్ కింద పడ్డ అమ్మాయికి, సీతారామారావుకి ఇవ్వడానికి మనకి ఏం అడ్డొస్తోంది? ఆ అధ్యాయం చదివిన ఇంజనీరే సాయంత్రం నవల చర్చకి వచ్చి మొదట అడిగేది, వాడి మైండ్‌సెట్ ఏంటి అని.

అందుకే ఈసారి ఎవరైనా సీతారామారావుని కోచ్ దగ్గరికి పంపాలంటే, నేను ఒక్కటే అడుగుతాను. సరే, పంపించాం. ఆర్నెల్లు క్లాసులు విన్నాడు, నిజంగానే మారాడు, మీ కంపెనీకి దరఖాస్తు పెట్టాడు. రెజ్యూమేలో ఏళ్ల తరబడి గ్యాప్, చెప్పుకోదగ్గ అనుభవం లేదు, ఎక్కడా నిలబడ్డ దాఖలా లేదు. షార్ట్‌లిస్ట్ చేస్తారా? ఇంటర్వ్యూ ప్యానెల్‌లో నేనూ కూర్చుంటాను కాబట్టి అడుగుతున్నాను. మాకు వచ్చే షీట్‌లో అభ్యర్థి పేరు తర్వాత మూడో కాలమ్ పదో తరగతి శాతం. పన్నెండేళ్ల అనుభవం ఉన్నవాళ్లకి కూడా. ఆ కాలమ్ తీసేయమని హెచ్‌ఆర్‌కి రెండుసార్లు మెయిల్ పెట్టాను. రెండుసార్లూ ‘నోటెడ్’ అని జవాబొచ్చింది.